వరుస తప్పని మట్టి

మూడో అంతస్తు చేరేసరికి పదకొండూ ఇరవై అయింది. లిఫ్టు పనిచేయడం లేదన్న కాగితం కింద అంటించి ఎన్నాళ్ళయిందో గానీ, దాని మీద అక్షరాలు కూడా వెలిసిపోయాయి. ఈ వయసులో నీకిది అవసరమా అని నా మోకాళ్ళు ప్రతి మెట్టు దగ్గరా నిలదీశాయి. అవసరం లేదు. కానీ నా ముందు మెట్లెక్కుతున్న మా వీధి దర్జీ ఆవిడ పొద్దున్న ఏడింటికి నా గుమ్మంలో నిలబడి, "మీరు కూడా కాదంటే సాయంత్రం ఐదింటికి మా చెల్లిని కోర్టుకి తీసుకెళ్ళిపోతారు బాబాయ్‌గారూ" అంది. ఆ మాట విన్నాక మళ్ళీ ముసుగుతన్ని పడుకోవడం కుదరలేదు.

ఆవిడకి ముప్పై ఆరేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీసి పెట్టడం మర్చిపోయింది. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని తనే పెంచింది, మిషన్ తొక్కి డిగ్రీ, పీజీ చదివించింది. ఆ చెల్లెలు ఇప్పుడు ఈ వ్యవసాయ యూనివర్సిటీలో మృత్తికా శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. నాలుగేళ్ళయింది. థీసిస్ రాయడం పూర్తయింది, గైడ్ సంతకం ఒక్కటే మిగిలింది. ఆ గైడే మొన్న బుధవారం చచ్చిపోయాడు, చంపిన మనిషి ఈ చెల్లెలేనని పోలీసులంటున్నారు.

గైడ్‌ని పిల్లలు జల్లెడ సారు అనేవాళ్ళు. మట్టినీ, మనుషుల్నీ ఒకే జల్లెడలో పోసి పడతాడని ఆ పేరు. నాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళ క్రితం ఆయన పాతికేళ్ళ కుర్ర లెక్చరరుగా చేరిన ఏడాదే, రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో నన్ను ఫెయిల్ చేశాడు. నేను వ్యవసాయ డిగ్రీ వదిలేసి పోలీసుల్లో చేరాను. ఈ మెట్లు మళ్ళీ ఎక్కనని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను కూడా.

జల్లెడ సారు గదిలో, ఆయన కుర్చీలో ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. నేను మోకాళ్ళ నొప్పులతో ముందుగానే రిటైరయ్యేదాకా, పోలీసు డిపార్ట్‌మెంటులో నా కింద ఆరేళ్ళు పని నేర్చుకున్నవాడు.

"రండి గురువుగారూ. మెట్లు బాగానే ఎక్కారా?"

"ఎక్కాను. నువ్వు ఆయన కుర్చీలోంచి లే, మాట్లాడదాం."

లేవలేదు. నవ్వి, ఒక ఫైలు నా ముందుకు తోశాడు. "చదవండి. చదివితే మీరే ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకుంటారు."

దర్జీ ఆవిడని బయట బెంచీ మీద కూర్చోమని, చదివాను. బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకి సారు ఒక్కడే యూనివర్సిటీ ఫారంలో కొత్తగా తవ్వించిన గుంట వైపు నడిచి వెళ్ళాడు. ఫారం మేస్త్రీ చూశాడు. నాలుగున్నరకి మేస్త్రీ తన పలుగూ పారా తెచ్చుకుందామని వెళితే గుంట పూడ్చేసి ఉంది. సారే ఎవరితోనో పూడ్పించి ఉంటాడనుకుని వచ్చేశాడు. సారు రాత్రంతా ఇంటికి రాలేదని గురువారం పొద్దున్న ఆయన భార్య కబురు చేసింది. ఎనిమిదింటికి గుంట తవ్వితే శవం బయటపడింది.

చివరి కాగితం డాక్టరుది. తల వెనక దెబ్బ ఉంది, కానీ ఎముక చిట్లలేదు. గొంతులో, ఊపిరితిత్తుల్లో మట్టి.

"అంటే పూడ్చేటప్పుడు..." అన్నాను.

"బతికే ఉన్నాడు." ఇన్‌స్పెక్టరు గొంతు ఒక్క క్షణం తగ్గింది. "ఈ ముక్క డాక్టరుకీ, నాకూ, ఇప్పుడు మీకూ తెలుసు. ఇంకెవరికీ తెలీదు. మిగతాది వినండి. మంగళవారం ఆ పిల్ల ఈ గదిలోనే అరిచింది. ‘మీ సంతకం కోసం నేను ముసలిదాన్నయిపోవాలా’ అని. అంతస్తంతా విన్నారు. బుధవారం రెండింటి నుంచి ల్యాబులో ఒక్కతే ఉంది. అదేదో పరీక్షట, గొట్టంలో మట్టి నీళ్ళు కలిపి ఒక రీడింగ్ తీసుకోవాలి, రెండు గంటలాగి రెండోది తీసుకోవాలి. ఆ మధ్యలో రెండు గంటలు ఖాళీ. ఇంతకంటే ఏం కావాలి?"

"మధ్యలో ఖాళీ అని నీకెవరు చెప్పారు?"

"నేనే చెప్పానండీ." తలుపు దగ్గర్నించి ఎవరో అన్నారు. నలభై దాటిన మనిషి, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. ల్యాబు ఇన్‌ఛార్జి, జల్లెడ సారు మొట్టమొదటి పరిశోధక విద్యార్థి. ఈయన్ని అందరూ చిన్నసారు అంటారట. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. "అడిగారు, ఉన్నది చెప్పాను. ఆ అమ్మాయి అలాంటిది కాదని కూడా చెప్పాను. రేపు బయటికొస్తే రూల్ ప్రకారం ఆమెకి గైడ్‌ని నేనే. థీసిస్ సంగతి నేను చూసుకుంటాను. వాళ్ళక్కకి ధైర్యం చెప్పండి."

"మీరు ఆ టైములో ఎక్కడున్నారు?"

"పక్క గదిలో. ఫ్లేమ్ ఫోటోమీటరు మెషీను దగ్గర. రెండింటి నుంచి ఐదింటి దాకా పొటాషియం రీడింగులు తీశాను. రిజిస్టరు ఇన్‌స్పెక్టరుగారు చూశారు."

ఇన్‌స్పెక్టరు తలూపాడు. టీ బాగానే ఉంది. నిన్న సాయంత్రం నుంచీ నా కడుపులో పడ్డది అదొక్కటే.

*

ఆ అమ్మాయిని ల్యాబులోనే కూర్చోబెట్టారు. పక్కన ఒక ఆడ కానిస్టేబులు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. అమ్మాయి మాత్రం నిద్ర లేక పీక్కుపోయి ఉంది. బల్ల మీద ఆరు పొడుగాటి గాజు గొట్టాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, లీటరు నీళ్ళు పట్టేవి. మూడు రోజులుగా ఎవరూ కదపలేదు. అడుగున మట్టి పేరుకుని, పైన నీళ్ళు పల్చటి టీ రంగులో ఉన్నాయి.

నా పరువు పోయిన చోటు ఇదే. మట్టి నీళ్ళని బాగా గిలక్కొట్టి వదిలితే నలభై సెకన్లలో ఇసుక అడుగుకి పోతుంది, రెండు గంటల్లో ఒండ్రుమట్టి పోతుంది, బంకమట్టి మాత్రం ఎంతకీ దిగదు. అందుకే నీటి చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో రెండు రీడింగులు. పంతొమ్మిదేళ్ళ వయసులో రెండు గంటలు కూర్చునే ఓపిక నాకు లేదు. పక్కవాడి అంకె చూసి రాసేసి క్రికెట్‌కి పోయాను. జల్లెడ సారు కాగితం చూసి, "ఈ అంకె నువ్వు చూసింది కాదు, రాసింది" అన్నాడు. ఎలా పట్టాడో ఆ రోజు అర్థం కాలేదు.

"మంగళవారం ఎందుకరిచావమ్మా?" అన్నాను.

"నెలలు గడిచిపోతున్నాయి సార్. ఎప్పుడడిగినా ‘ఇంకొక్కటి చూడాలి, ఆగు’ అంటారు. ఏం చూడాలో చెప్పరు. అక్క చూపు మందగించింది, సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. నేను ఇంకా ఆ మిషన్ మీదే తింటున్నాను. నోరు జారాను." తల దించుకుంది. "ఆయన కోప్పడలేదు. ‘రేపు గుంటలో మట్టి చూసుకుని చెప్తా’ అన్నారు. అంతే."

"ఆ గుంట ఎందుకు తవ్వించాడు?"

"ముప్పై ఏళ్ళ ప్రయోగం మడులున్నాయి సార్, సారు మొదలుపెట్టినవే. ఏటా ఒకే పంట, ఒకే ఎరువు. అందులో ఏడో మడిలో నాకొచ్చిన పొటాషియం అంకెలు పాత అంకెలతో కలవలేదు. నేనే తప్పు చేశాననుకున్నాను. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నాకు నావే వచ్చాయి. ఆ మడిలోనే సారు గుంట తవ్వించారు."

"పాత అంకెలు ఎవరివి?"

"చిన్నసారువి. ఎనిమిదేళ్ళుగా ఆయనే తీస్తున్నారు."

ఆ మాట అనడంలో ఆ పిల్లకి ఏ అనుమానమూ లేదు. నేను కూడా అప్పటికి దాన్ని ఓ మూల పెట్టాను.

"బుధవారం చెప్పు. మొదటి రీడింగ్ రెండింటికి. రెండోది నాలుగింటికి. మధ్యలో ఏం చేశావు?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "మధ్యలో అంటే ఏంటి సార్? గొట్టం ఒకటి కాదు కదా, ఆరు. అన్నీ ఒకేసారి కలిపితే ఒక్కదాన్ని ఎలా చదువుతాను? ఇరవై నిమిషాలకొకటి. రెండింటికి మొదటిది, రెండూ ఇరవైకి రెండోది... మూడూ నలభైకి ఆరోది కలపడం అయ్యేసరికి నాలుగింటికి మొదటిదాని రెండో రీడింగ్ వచ్చేస్తుంది. ఆ రోజు బాత్రూమ్‌కి వెళ్ళడానికి కూడా పరిగెత్తాను."

"ఇది ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"మధ్యలో రెండు గంటలు ఆగాలా వద్దా అని అడిగారు. ఆగాలి అన్నాను. ఇంకేం అడగలేదు."

రిజిస్టరు ఆమె ముందే ఉంది. పెన్సిలుతో రాసిన అంకెలు. తడి చేతులతో పనిచేసేవాళ్ళు సిరా వాడరు. టైము, రీడింగు, పక్కన నీటి వేడి. రెండింటి నుంచి మూడింటి దాకా వేడి ఇరవై నాలుగు డిగ్రీలు, కదల్లేదు. మూడూ ఇరవైకి ఇరవై నాలుగున్నర. మూడూ నలభైకి ఇరవై అయిదున్నర. నాలుగింటికి ఇరవై ఆరు. నాలుగూ ఇరవై నుంచి మళ్ళీ తగ్గుతూ వచ్చింది.

"ఇదేమిటి, మధ్యలో పెరిగింది?"

"కరెంటు పోయింది సార్. ఏసీ ఆగిపోయింది. జనరేటరు పాడయి మూడు నెలలైంది. నీళ్ళు వేడెక్కితే రీడింగు మారిపోతుంది, అందుకే వేడి కూడా రాసుకోవాలి. లేకపోతే లెక్క తప్పుతుంది."

ముప్పై అయిదేళ్ళకి నాకు అప్పుడు అర్థమైంది, జల్లెడ సారు నన్ను ఎలా పట్టాడో. నేను అంకె దొంగిలించాను గానీ వేడి దొంగిలించలేదు. ఆ గడిలో నోటికొచ్చింది రాశాను.

పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది, బుధవారం సాయంత్రం ఆరు.

"ఇది ఎవరిది?"

"చిన్నసారుది. ఏ రోజు పేజీ ఆ రోజు ఇన్‌ఛార్జి సంతకం పెట్టాలి. సార్..." గుమ్మం వైపు చూసింది. "అక్క ఏమైనా తిందా?"

తినలేదని నాకు తెలుసు. తిన్నదని చెప్పాను.

*

ఫారంలో గుంట దాకా నడవడానికి నాకు ముప్పై ఒక్క నిమిషం పట్టింది. తనకి ఇరవై అయిదు చాలంటాడు మేస్త్రీ. పరిగెత్తే ఆడపిల్లకి పదిహేననుకుందాం. పోను పదిహేను, రాను పదిహేను, ఇక్కడే అరగంట అయిపోయింది.

మేస్త్రీ అరవైకి దగ్గరపడ్డవాడు. తవ్వి శవాన్ని తీసింది తనే. ఇప్పుడు గుంట అంచున నిలబడి లోపలికి చూడకుండా మాట్లాడుతున్నాడు.

"ఐదడుగులు తవ్వమన్నారండీ. నాలుగడుక్కే గట్టి మొరం తగిలింది. చాల్లే అన్నారు. మూడు రోజులు తెరిచే ఉంచాలి, గొడ్లు పడకుండా చూడు అన్నారు. నేను చెక్కలు కూడా తెచ్చి పెట్టాను. బుధవారం వచ్చి చూస్తే పూడ్చేసి ఉంది. చెప్పకుండా పూడ్పించేశారేంటని తిట్టుకుంటూ వెళ్ళానండీ. ఆయన కిందే ఉన్నారు. నేను పైన నిలబడి తిట్టుకున్నాను."

ఆయన్ని కాసేపు వదిలేశాను. గుంట గోడకేసి చూస్తూ నిలబడ్డాను. చదువు వదిలేసినా కళ్ళకి కొన్ని గుర్తుంటాయి. పైన ముప్పావు అడుగు నల్లమట్టి. దాని కింద రెండడుగుల దాకా గోధుమరంగు, పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యే మట్టి. ఆ కింద ఎర్రమట్టి, మధ్యమధ్య తెల్లటి సున్నపు గుల్లలు.

"తవ్విన మట్టి ఎక్కడ వేశావు?"

"మూడు కుప్పలండీ. నల్లది ఇక్కడే అంచున. గోధుమరంగుది ఆ పక్కన. ఎర్రది చివర తవ్వుతాం కాబట్టి దూరంగా, అదిగో, ఆ గట్టు దగ్గర."

"గురువారం నువ్వు తవ్వి తీసినప్పుడు ముందు ఏ మట్టి వచ్చింది?"

"నల్లది."

"తర్వాత?"

"గోధుమరంగుది. ఆ తర్వాత..." మేస్త్రీ ఆగిపోయాడు. నోరు తెరిచి నా వైపు చూశాడు. "ఆ తర్వాత ఎర్రదండీ. ఎర్రది ఆయన మీద ఉంది."

మనిషిని పూడ్చే తొందరలో ఉన్నవాడు అంచునున్న కుప్పని ముందు లోపలికి తోస్తాడు. వీడు అలా చేయలేదు. పదిహేను అడుగుల దూరం పోయి ఎర్రమట్టిని మోసుకొచ్చి ముందు అది వేశాడు. దాని మీద గోధుమరంగుది. చివరికి నల్లది వేసి పైన చదును చేశాడు.

"మీరెప్పుడూ అలాగే పూడుస్తారా?"

"సారు ప్రాణం తీసేసేవారు లేకపోతే! తీసిన మట్టిని తీసిన వరుసలోనే తిరిగి పెట్టాలి, లేకపోతే పదేళ్ళదాకా అక్కడ మొక్క సరిగ్గా లేవదు అని. ముప్పై ఏళ్ళుగా అదే పాట. ఇక్కడ చదివినవాడెవడైనా కళ్ళు మూసుకుని అలాగే పూడుస్తాడండీ."

"ఒక్క మనిషికి ఎంతసేపు పడుతుంది?"

"నాకు గంటంబావు. అలవాటు లేనివాళ్ళకి ఇంకా ఎక్కువే."

మేస్త్రీ ఆ టైములో ట్రాక్టర్ షెడ్డులో ఆరుగురి మధ్య ఉన్నాడని ఫైల్లోనే ఉంది. గట్టు మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటూ కరెంటు సబ్‌స్టేషనుకి ఫోన్ చేశాను. అక్కడి ఆపరేటరు రిజిస్టరు తిరగేసి చదివాడు. బుధవారం యూనివర్సిటీ లైను మూడూ అయిదుకి పోయింది. తీగల మీద చెట్టుకొమ్మ పడింది. మూడూ యాభైకి వచ్చింది.

*

రెండూ యాభైకి ఇన్‌స్పెక్టరుని వరండాలో పట్టుకున్నాను. జీపు కింద సిద్ధంగా ఉంది. కానిస్టేబులు ఆ అమ్మాయి వస్తువులు ఒక సంచీలో సర్దుతోంది. అక్క బెంచీ మీంచి లేచి నిలబడింది, ఎవరూ ఆమెకి ఏమీ చెప్పలేదు.

ఆరు గొట్టాల సంగతి చెప్పాను. ఇరవై నిమిషాల సంగతి, గంటంబావు సంగతి చెప్పాను.

"అంకెలు ఎవరైనా రాస్తారు గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చంపేసి వచ్చి తీరిగ్గా కూర్చుని ఆరు వరసలు రాసుకుంది. ఇందులో పెద్ద విడ్డూరం ఏముంది?"

"వేడి కూడా రాసిందిగా. మూడూ అయిదుకి కరెంటు పోయింది, మూడింటి నుంచి నాలుగింటి లోపు నీళ్ళు రెండు డిగ్రీలు వేడెక్కాయి. కరెంటు వచ్చాక మెల్లగా చల్లబడ్డాయి. ఫారంలో మట్టి తోడుతున్న మనిషికి ఇదెలా తెలుస్తుంది?"

"తర్వాత ఎవరో చెప్పి ఉంటారు."

"కరెంటు పోయిందని చెప్తారు. లీటరు నీళ్ళు ఇరవై నిమిషాల్లో ఎంత వేడెక్కాయో ఎవరు చెప్తారు? ఆ సాయంత్రం ఆరింటికే పేజీ మీద సంతకం పడింది. అప్పటికి శవం దొరకనే లేదు."

ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. "మీరు నాకు పని నేర్పారు, కాదనను. కానీ ఇప్పుడు పై నుంచి గంటకోసారి ఫోన్లు మీకు రావట్లేదు, నాకొస్తున్నాయి. మట్టి వరుసగా పూడ్చి ఉందని మీరే అంటున్నారు. అంటే మట్టి చదువు చదివినవాళ్ళే చేశారు. ఆమె చదివింది. ఇంకెవరున్నారు? ఒక్కరిని చూపించండి, వదిలేస్తాను. లేదంటే ఐదింటికి నేను కోర్టులో ఉండాలి."

"చిన్నసారు రిజిస్టరు మళ్ళీ చూశావా?"

"చూశాను. రెండింటి నుంచి ఐదింటి దాకా నాలుగు నిమిషాలకొకటి చొప్పున రీడింగులు. ఒక్కటి కూడా తప్పిపోలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

అలా అన్నాక అతని మొహంలో ఏదో కదిలింది. ఇన్‌స్పెక్టరు మొండివాడే గానీ మొద్దు కాదు.

నేను ల్యాబు గుమ్మంలోకి వెళ్ళి ఆ అమ్మాయిని అడిగాను. "ఫ్లేమ్ ఫోటోమీటరు నడుస్తుంటే నీకు ఇక్కడికి వినిపిస్తుందా?"

"కంప్రెసరు ఉంటుంది సార్ దానికి, గోడ అదిరిపోతుంది. బుధవారం మాత్రం ప్రశాంతంగా ఉంది. చిన్నసారు నా కోసం తలుపు గట్టిగా వేసుకున్నారేమో అనుకున్నాను."

*

చిన్నసారు గది చిన్నది. ఒక బల్ల, ఒక బీరువా, కిటికీలో గాజు సీసాల్లో ముప్పై ఏళ్ళ మట్టి. మమ్మల్ని చూసి లేచి నిలబడి కుర్చీలు తుడిచాడు. ఇన్‌స్పెక్టరు కూర్చోలేదు. నేను కూర్చున్నాను, ఇంక నిలబడలేక.

"మీ రిజిస్టరు ఒకసారి చూస్తాను."

ఇచ్చాడు. మంచి దస్తూరి, కొట్టివేతలు లేవు. వేలు పెట్టి చదివాను. మూడూ ఎనిమిది. మూడూ పన్నెండు. మూడూ పదహారు. ఇలా మూడూ యాభై దాకా పదకొండు రీడింగులున్నాయి.

"ఆ ఫోటోమీటరుకి బ్యాటరీ ఏమైనా ఉందా?"

"లేదండీ. కంప్రెసరు లోడు అది మొయ్యదు."

"కరెంటు పోతే?"

"ఆగిపోతుంది. అయినా బుధవారం కరెంటు పోలేదుగా."

ఆయన నన్ను చూశాడు, ఇన్‌స్పెక్టరుని చూశాడు. నేను ఆ అమ్మాయి రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. వేడి గడి చూపించాను. దాని కింద ఆకుపచ్చ సంతకం చూపించాను.

"మీరు సంతకం పెట్టిన పేజీయే," అన్నాను. "చదివి ఉంటే మీ రిజిస్టరులో నలభై అయిదు నిమిషాలు ఖాళీ వదిలేవారు. చదవలేదు."

ఆయన వేడి గడి మీద వేలు పెట్టి కింది దాకా చదివాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూస్తే, ఎనిమిదేళ్ళుగా నిలబడే ఉన్నాడేమో అనిపించింది.

"మొదటి ఏడాది మెషీను పాడయింది," అన్నాడు. "రిపేరుకి ఆరు నెలలన్నారు. రిపోర్టు పంపాలి. పోయినేటి అంకెలకి అటూ ఇటూ చేసి రాశాను. ఎవరూ అడగలేదు. తర్వాతేడు మెషీను బాగానే ఉంది, కానీ నిజం అంకెలు నా దొంగ అంకెలతో కలవవు కదా. మళ్ళీ రాశాను. ఆ పిల్ల మూడుసార్లు చేసి మూడుసార్లూ ఒకే అంకె తెచ్చింది. సారు ఆ పిల్లని అనుమానించలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నన్ను పిలిచి, ‘నాతో గుంటకి రా, నీ కళ్ళముందే తీసి నేనే కొలుస్తా’ అన్నారు. ఎవరి కంటా పడకుండా బతిమాలుకుందామని వెనకాల దారిన వెళ్ళాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. ఆయన గుంటలో దిగి సంచీలో ఎర్రమట్టి నింపుకుంటున్నారు. సంచీ లాగాను. వెనక్కి పడ్డారు. తల ఆ మొరానికి తగిలింది. అంతే, కదల్లేదు. ఒట్టండీ, చంపాలని వెళ్ళలేదు. చచ్చిపోయాక పూడ్చాను."

"వరుసగా పూడ్చారు," అన్నాను.

"ఏంటి?"

"ఎర్రమట్టి ముందు. గోధుమరంగు తర్వాత. నల్లది పైన."

ఆయనకి నిజంగా గుర్తులేదు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. రెండింట్లోనూ బొబ్బలు చిట్లి ఎండిపోయి ఉన్నాయి. "నేనా? అలా పూడ్చానా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది. అది దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కానీ ఇంకొకటి అడగాలి. అడగకుండా లేచిపోతే బాగుండునని ఒక్క నిమిషం అనుకున్నాను. ఇన్‌స్పెక్టరు నా వైపు చూసి, అడగండి అన్నట్టు తలూపాడు.

"చచ్చిపోయారని ఎలా తెలిసింది? నాడి చూశారా? ముక్కు దగ్గర వేలు పెట్టారా?"

ఆయన రిజిస్టరు మూసి పక్కకి జరిపాడు.

"డాక్టరు రిపోర్టులో తల దెబ్బ చిన్నదే అని ఉంది. ఊపిరితిత్తుల్లో మట్టి ఉంది. మొదటి పార మట్టి పడేటప్పటికి ఆయన ఊపిరి పీలుస్తున్నారు." నాకు తెలియకుండానే ఏకవచనంలోకి దిగాను. "నువ్వు అప్పుడు కూడా రీడింగ్ తీసుకోలేదు. రాసేసుకున్నావు."

ఆయన బొబ్బలున్న చేతులతో బల్ల సొరుగు లాగి, అడుగునున్న కవరు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "ఇది కూడా తీసుకోండి," అన్నాడు. "చించేద్దామనుకున్నాను. సారు దస్తూరి చించలేకపోయాను."

కవరులో ఆ అమ్మాయి థీసిస్ మొదటి పేజీ ఉంది. గైడ్ సంతకం గడిలో పెన్సిలుతో కాదు, సిరాతో, జల్లెడ సారు సంతకం ఉంది. కింద బుధవారం తేదీ. దాని కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం: ‘ఈ అంకెలు ఈమె చూసినవే.’

"గుంటకి వెళ్ళేముందే పెట్టేశారు. నా సంతకం కూడా వేసి ఆమెకిమ్మని నా చేతికే ఇచ్చారు," అన్నాడు చిన్నసారు. "నేను వెయ్యలేదు."

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఇన్‌స్పెక్టరు వరండాలోకి వెళ్ళి, ఆ సంచీ విప్పేయమని కానిస్టేబులుతో చెప్పాడు. నేను దాటుతుంటే పక్కకి జరిగి దారిచ్చాడు.

బెంచీ మీద అక్కచెల్లెళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. కాగితం ఇచ్చాను. ఇంటికి పోవచ్చన్నప్పుడు ఏడవని ఆ పిల్ల, తేదీ చదివి ఏడ్చింది. అక్క కాగితాన్ని కళ్ళకి దూరంగా పట్టుకుని, ఇంకా దూరంగా జరిపి, చివరికి నా చేతికిచ్చింది.

"నాకు కనపడట్లేదు బాబాయ్‌గారూ. ఏం రాశారో మీరే చదవండి."

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.